తెల్లకణముల లెక్క



నేను వైద్యుఁడను గాను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి నందినవాఁడను. నా యొడలికి వచ్చిన వ్యాధివలన నేర్చిన పాఠమును తమకు విన్నవించుచున్నాను.

రెండేండ్ల క్రిందట నాకు దగ్గు పట్టుకొనెను. పగలు కొంత తెఱపి యిచ్చినను, రాత్రి ఆయాసముతో లేచి కూర్చుండవలసివచ్చెడిది. నానాఁటికి చిక్కిపోయితిని. క్షయ యని తలఁచి, కంచము, చెంబు వేఱు చేసికొని, మనుమని దగ్గఱకు రానీయనైతిని. పట్టణమున నెత్తురు పరీక్షింపఁగా ఘనమిల్లీమీటరునకు తెల్లకణములు 22,000 అని తేలెను. పెద్దవారికి సామాన్యముగా 4,000 మొదలు 11,000 వఱకు నుండును. ఆ కాగితము చూచి యొకరు రక్తపు క్యాన్సరనిరి. వేఱొకరు తమ యింట మిగిలిన జ్వరపు మాత్రలు తెచ్చియిచ్చిరి.

వైద్యుఁడు నవ్వి యిట్లనెను: “పంతులుగారూ! ఈ లెక్క రోగము కాదు, రోగమునకు గుర్తు. తెల్లకణములు ఊరి తలారులవంటివి. తలారులు గుమిగూడినచో వారిని కొట్టుదుమా? దొంగ యెచట జొరఁబడెనో వెదకుదుము గాని!”

తలారులలో జాతులు కలవు. చీము పట్టినపుడు, న్యుమోనియా వచ్చినపుడు న్యూట్రోఫిల్ కణములు హెచ్చును, కోరింతదగ్గులో లింఫోసైట్లు, ఉబ్బసమునందును, కొన్ని పురుగుల వలనను ఇయోసినోఫిల్ కణములు. పొగత్రాగుట, స్టీరాయిడు మందులు, గర్భము కూడ లెక్కను పెంచును.

నాలో హెచ్చినవి ఇయోసినోఫిల్ కణములు. దోమకాటుచే నెత్తుట జేరిన బోదకాలు పురుగుల పిల్లలపై ఊపిరితిత్తులు తిరుగఁబడుటయే కారణము. క్షయను బోలిన యీ వ్యాధిని 1940లో మదనపల్లె కడ ఆరోగ్యవరము క్షయవైద్యశాలకు చెందిన ఫ్రిమోడ్ట్ మోలర్, బార్టన్ అను వైద్యులు వర్ణించిరి. దీని మందు డైఇథైల్ కార్బమజీన్. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో నది వెలువడెను. వైద్యుని యాజ్ఞచొప్పున 21 దినములు సేవించితిని. దగ్గు తగ్గెను, లెక్క 9,000కు దిగెను. నా కంచము మరల అందఱితో చేరెను.

కావున నాయనలారా! లెక్క హెచ్చెనని బెదరవలదు; ఇరుగుపొరుగు మాత్రలు మ్రింగవలదు. ఏ జాతి కణము హెచ్చెనో యడుగుఁడు. ఏ కారణము గానరాక, లెక్క దిగక, చిగుళ్ల నెత్తురు, గడ్డలు, ప్లీహపు వాపు, క్షీణత కనఁబడినచో జాగు సేయక పెద్దాసుపత్రికిఁ బొండు. ఎముకమూలుగను పరీక్షించి నిజము తేల్చెదరు. రక్తపు క్యాన్సరే యైనను నేఁడు చికిత్స కలదు. సుబ్బారావుగారి బృందము రూపొందించిన మెథోట్రెక్సేటు అట్టి మందులలో నొకటి.

సెలవు.