పరిశోధన పెట్టుబడి, రాష్ట్రానికి రాబడి



ఈ సభలో మనం స్మరించుకుంటున్న డాక్టరు గారు వచ్చిన రోగిని ముందుగా ‘ఏం పని చేస్తావయ్యా?’ అని అడిగేవారు. జబ్బుకూ జీవనోపాధికీ ఉన్న ఆ లంకె గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఆరోగ్య పరిశోధనకు ఇచ్చే సొమ్మును మనం ఖర్చుగానే చూస్తాం. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల గ్రాంట్లు ఏ రాష్ట్రానికి ఎంత మేలు చేశాయో లెక్కగడతారు. 2023 ఆర్థిక సంవత్సరంలో ప్రతి గ్రాంటు డాలరుకు 2.46 డాలర్ల ఆర్థిక వ్యవహారం నడిచిందని అక్కడి ఒక కూటమి అంచనా. నిధులు పెంచమని అడిగేవాళ్లు వేసిన లెక్క కనుక కొంత తగ్గించుకుందాం. అప్పుడూ నష్టమేమీ కనపడదు.

మన అనుభవమూ అదే. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. 1977లో అక్కడే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ వెలిసింది. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి గారు 1993లో పెట్టిన శాంతా బయోటెక్నిక్స్‌కు తొలినాళ్లలో ఆ సీసీఎంబీ చోటిచ్చింది. 1997లో హెపటైటిస్-బి టీకా మన దేశంలోనే తయారై, సామాన్యుడికి అందే ధరకు దిగింది. తర్వాత హైదరాబాదు శివార్లలో బయోటెక్ కంపెనీల సముదాయం జీనోమ్ వ్యాలీ వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి. ప్రభుత్వ ప్రయోగశాల ఉన్నచోటికే ప్రైవేటు పెట్టుబడి నడిచి వస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ ప్రయోగశాలలు హైదరాబాదుతోపాటు పొరుగు రాష్ట్రంలో ఉండిపోయాయి.

రెండో రాబడి పనిదినాలు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు మన పడమటి పల్లెల్లో మనుషుల నడుము వంగిపోవడానికి కారణం నీటిలోని ఫ్లోరైడ్. నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఈ జబ్బును పరిశోధకులు 1937లోనే ప్రకటించారు. ఆ మూడు తాలూకాలు అప్పుడా జిల్లాలోనివే. కారణం తెలిసినా మంచినీళ్లు పల్లెకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో పోయిన కూలి రోజుల లెక్క ఏ బడ్జెట్టులోనూ లేదు. పరిశోధన ఫలితం కుళాయి దాకా వస్తేనే అది రాబడి.

ఇక మన ఊరు మార్టూరు. ఇక్కడ గ్రానైట్ ఫ్యాక్టరీలున్నాయి, చుట్టూ మిరప, పత్తి చేలున్నాయి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లుతూ కోయడం, దుమ్ము పీల్చకుండా చూడటమే దారి. పురుగుమందు కొట్టే కూలీ ఒంట్లోకి ఎంత చేరుతోందో కొలవాలి. ఊపిరి ఆడని మనిషి కూలి మానేస్తాడు, ఇల్లు అప్పులపాలవుతుంది, ఆ బిల్లు చివరికి ప్రభుత్వ ఆరోగ్య పథకం కట్టాలి.

కనుక నా విన్నపం ఒకటే. మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు వైద్య కళాశాల కలిసి ఈ ప్రాంతపు కార్మికుల ఊపిరితిత్తులను ఏళ్ల తరబడి పరిశీలించేలా రాష్ట్రం నిధులివ్వాలి. ఫ్యాక్టరీ యజమానులూ తమ వంతు వేయాలి. ఆ లెక్కలు ప్రతి ఏటా శాసనసభ ముందుంచాలి. డాక్టరు గారికి మనం ఇవ్వగల నివాళి అదే.