చార్టు చివరి గళ్ళు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వాసుపత్రుల్లో ముప్ఫై ఏళ్ళు ఎక్స్‌రే తీసి రిటైరయ్యాను. ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమన్నారు. పదో తరగతి గదిలో వేలాడిన విద్యుదయస్కాంత వర్ణపటం చార్టు గుర్తుందా? రేడియో, మైక్రోవేవ్, పరారుణ, దృశ్యకాంతి, అతినీలలోహిత, ఎక్స్, గామా. రెండు మార్కుల కోసం వరస తప్పకుండా బట్టీపట్టిన వాళ్ళమే అందరం.

ఇవన్నీ ఒకే జాతి. శూన్యంలో అన్నిటిదీ ఒకటే వేగం, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. తేడా అల పొడవులోనే. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్‌జ్ అల పొడవు 358 మీటర్లు. వార్తల కోసం మన నాన్నలు ముల్లు తిప్పి పట్టుకున్నది అంత పొడవాటి అలని! ఎఫ్.ఎం. అల మూడు మీటర్లు. మైక్రోవేవ్ ఓవెన్‌లోది 12 సెంటీమీటర్లు. ఓవెన్ తలుపు అద్దంలో చిల్లుల రేకు ఎందుకుందో చాలామంది అడుగుతారు. ఆ చిన్న చిల్లుల్లోంచి 12 సెంటీమీటర్ల అల బయటికి రాలేదు, వెలుతురు మాత్రం వస్తుంది. అందుకే లోపల గిన్నె కనిపిస్తుంది, మన చెయ్యి కాలదు. మన కంటికి కనిపించేది 400 నుంచి 700 నానోమీటర్ల ముక్క ఒక్కటే. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు.

పరారుణాన్ని 1800లో హెర్షెల్ కనిపెట్టాడు, మరుసటేడే రిట్టర్ అతినీలలోహితాన్ని. అవి మాస్టార్లు చెప్పినవే, నేను వాటి జోలికి పోను. నాకు కావలసింది చార్టు చివరి గళ్ళు.

అల పొట్టిదయ్యే కొద్దీ దాని శక్తి పెరుగుతుంది. సెల్‌ఫోను అల జానెడో మూరెడో ఉంటుంది. ఒంటిని కాస్త వేడెక్కించగలదేమో గానీ, కణంలోని బంధాలు తెంచే శక్తి దానికి లేదు. అతినీలలోహితం దగ్గర కథ మారుతుంది. నల్లద్దం లేకుండా వెల్డింగ్ చేసిన కుర్రాడికి రాత్రికి కళ్ళల్లో కారం కొట్టినట్టుంటుంది. ఇక 10 నానోమీటర్ల కన్నా పొట్టివైన ఎక్స్ కిరణాలు పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. ఊళ్ళో సెల్ టవరు వద్దని గొడవ చేసినవాళ్ళే తలనొప్పికి సి.టి. స్కాన్ రాయమని డాక్టరు మీద పడటం చూశాను. ఛాతీ ఎక్స్‌రేకి డోసు సుమారు 0.1 మిల్లీసీవర్ట్. ఛాతీ సి.టి.కి 7 దాకా ఉంటుంది, అంటే డెబ్బై ఎక్స్‌రేలంత. అవసరమైనప్పుడు తీయించుకోవాల్సిందే, ప్రాణం నిలబెడుతుంది. 'ఎందుకైనా మంచిది' అని తీయించుకునేది మాత్రం కాదు.

ఒకసారి నడుం నొప్పికి ఎక్స్‌రే రాయించుకుని ఒకమ్మాయి వచ్చింది. పక్కనే అత్తగారు. "నెల తప్పిందా అమ్మా?" అంటే తల అడ్డంగా ఊపింది. ఎందుకో నాకు నమ్మకం కలగలేదు. పెద్దావిణ్ణి బయట కూర్చోమని మళ్ళీ అడిగాను. "పది రోజులు దాటిందండీ. ఇంట్లో ఇంకా చెప్పలేదు" అంది. నడుం ఎక్స్‌రే అంటే కిరణాలు సరిగ్గా గర్భం మీదుగానే పోతాయి. ఫిల్ము పెట్టకుండా డాక్టరుగారి దగ్గరికి తిరిగి పంపాను. బయట అత్తగారు "ఏమైంది బాబూ?" అని అడిగితే, "మిషను బాగాలేదండీ" అన్నాను. ఆ సంగతి ఇంట్లో చెప్పుకోవలసింది ఆ పిల్లే గదా. ఇక్కడున్న ఆడపిల్లల తల్లులకి, టీచరమ్మలకి నా మనవి ఒకటే: ఈ మాట పిల్లలకి ముందుగానే చెప్పి ఉంచండి. గది బయట బోర్డు రాసిపెట్టి ఉంటుంది, చదివేవాళ్ళు తక్కువ.

భయపడనక్కరలేనివీ ఉన్నాయి. మిషను ఆపగానే ఎక్స్ కిరణాలు పోతాయి, దీపం ఆర్పితే వెలుతురు పోయినట్టే. గదిలో ఏమీ మిగలదు. కడుపుతో ఉన్నవాళ్ళకి తీసే అల్ట్రాసౌండ్ అసలు ఈ చార్టులోదే కాదు, అది శబ్దం. ఎం.ఆర్.ఐ.లో వాడేది రేడియో అల. 1.5 టెస్లా మిషనులో అది 64 మెగాహెర్ట్‌జ్, ఎఫ్.ఎం.కి దగ్గర చుట్టమే. అక్కడ జాగ్రత్త పడాల్సింది అయస్కాంతంతో. గుండెలో పేస్‌మేకరున్నా, ఒంట్లో ఇనప ముక్క ఏదున్నా లోపలికి వెళ్ళకముందే చెప్పాలి.

అధ్యక్షులవారు అప్పటినుంచీ వాచీ చూస్తున్నారు. భోజనాల దగ్గర నేను ఎడమ పక్క బల్ల మీద ఉంటాను. పాత రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు అక్కడికి రండి. ఫిల్ముకి మాత్రం సాంబారు అంటనివ్వకండి.