తెల్లవారుజామున మొరాయించు మోటారు సైకిలు

మోటారు సైకిలునకు క్రొత్త సైలెన్సరును, గాలి ధారాళముగా పోవు ఫిల్టరును అమర్చి, వానికి తగినట్లు పెట్రోలు పాళ్లు సరిచేయుటకై ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెను తగిలించుకొనుట నేడు మన పట్టణములలో యువకులకు పరిపాటి అయినది. ఈ పెట్టెను ఫ్యూయల్ ట్యూనర్ అందురు. అది తగిలించిన పిమ్మట, అందులోను చలికాలపు ఉదయములలో, బండి ఒక పట్టాన స్టార్టు కాకపోవుట కూడ కొందరికి అనుభవమే. అప్పుడు ఇంటిలో రెండు తీర్పులు వెలువడును. ఆ దిక్కుమాలిన పెట్టెను పీకి పారవేయుమని తండ్రి అనును. ట్యూనింగు ఇంకను కొంచెము పెంచవలెనని కుమారుడు అనును. రెండును విచారణకు ముందే వెలువడిన తీర్పులు. ఆ విచారణ యెట్లు జరుపవలెనో చెప్పుటయే ఈనాటి మా ఉద్దేశము.

పూర్వము కార్బురేటరు ఉన్న దినములలో, చలిగా ఉన్నప్పుడు చోకు లాగి కిక్కు కొట్టెడివారము. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి-6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట, క్రొత్త బండ్లలో అధిక భాగమునకు కార్బురేటరు పోయి ఇంజెక్టరు వచ్చినది. ఇంజను వేడిమిని, లోనికి వచ్చు గాలి స్థితిని సెన్సార్లు తెలుపుచుండగా, ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకండ్లు తెరచుకొని యుండవలెనో బండిలోని కంప్యూటరు నిర్ణయించును. పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో దానికి 14.7 రెట్లు గాలి కావలెను. ఇథనాలు కలిసిన కొలదీ అదే గాలికి ఇంధనము కొంచెము హెచ్చుగా పట్టును. అయితే చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చాల భాగము గోడలను అంటుకొని పోవును. అందుచేత స్టార్టు చేయు క్షణమున కంప్యూటరు లెక్కకు మించి పెట్రోలు పోయును. ఇది మన పాత చోకు పనియే. చేయి మారినది, అంతే.

ఇక ట్యూనరు సంగతి. సాధారణముగా ఇది కంప్యూటరునకును ఇంజెక్టరునకును నడుమ కూర్చుండి, ఆ మిల్లీసెకండ్లను కొద్దిగా పొడిగించుటయో తగ్గించుటయో చేయును. దాని పట్టికలో అంకెలు ఎక్కువగా నడకకు సంబంధించినవి: ఇన్ని చుట్లకు, ఇంత థ్రాటిలునకు, ఇంత శాతము అని. సెల్ఫు మోటారు ఇంజనును త్రిప్పునది నిమిషమునకు కొన్ని వందల చుట్లు మాత్రమే. ఆ స్థితిలో ట్యూనరు జోక్యము తరచు స్వల్పము. సైలెన్సరు గొట్టములోని ఆక్సిజన్ సెన్సారు కూడ సుమారు 300 డిగ్రీలు వేడెక్కిన గాని పలుకదు. కనుక బండి దారిలో చక్కగా నడచుచు, ఉదయము స్టార్టింగులో మాత్రమే మొండికేసినచో, నడక పట్టికలోని అంకెలను మార్చుట వలన ప్రయోజనము లేదు.

మొదట చూడవలసినది బ్యాటరీని. ఇది మరీ సామాన్యమైన మాట యని కొందరికి తోచవచ్చును; కాని కార్బురేటరు బండిని చచ్చిన బ్యాటరీతోనైనను త్రోసి స్టార్టు చేయగలిగెడివారము. ఇంజెక్టరు బండిలో పంపునకు, కంప్యూటరునకు, ఇంజెక్టరునకు, ప్లగ్గునకు అన్నిటికిని అదియే ఆధారము. పూర్తిగా చార్జి అయి విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల సీసపు బ్యాటరీ 12.6 వోల్టులు చూపవలెను. సెల్ఫు నొక్కినప్పుడు అది 9.5 క్రిందికి జారినచో, సెల్ఫు తిరుగుచున్నట్లే ఉండును గాని ఇంజను అందుకొనదు. శీతకాలమున విశాఖపట్టణము నుండి లంబసింగికి బండ్లపై పోవు యువకులకు ఇది తెలిసిన కథయే. సముద్ర తీరమున చక్కగా పలికిన బ్యాటరీ ఆ మన్యపు చలిలో నీరసించును. ఇంజను ఆయిలు చిక్కబడి సెల్ఫునకు బరువు పెరుగును. నేరము పెట్టెపై పడును.

రెండవది ఎర్తు తీగ. మాకు తెలిసిన ఒక యువకుడు తెల్లవారుజామున పాల కేంద్రమునకు పోవలసినవాడు. ట్యూనరు పెట్టించిన నెలకే అతని బండి మొండికేసినది. ఒక మెకానిక్కు ప్లగ్గు మార్చెను, పంపు మార్చెను, చివరకు కంప్యూటరే పోయినదనెను. ఆ ధర విని తండ్రి బండిని అమ్మివేయుదమనెను. తుదకు మరియొకరు చూడగా, ట్యూనరు నల్ల తీగను బ్యాటరీ నెగెటివునకు కాక, రంగు పూసిన చాసిస్ బోల్టునకు బిగించియుండిరి. సెల్ఫు త్రిప్పిన క్షణమున పెట్టెకు వోల్టేజి చాలక అది ఆగి మరల మొదలగుచుండెను; ఆ సందులో ఇంజెక్టరు తెరచుకొనుట లేదు. తీగ స్థానము మార్చుటతో బండి బాగుపడినది. మార్చిన పంపు సొమ్ము మాత్రము తిరిగి రాలేదు.

ఈ రెండును సరిగా ఉన్నచో తాళము త్రిప్పి చెవి యొగ్గుడు. పంపు రెండు మూడు సెకండ్లు సన్నగా మ్రోగి ఆగవలెను. పిమ్మట కొన్ని మారులు సెల్ఫు నొక్కి, ప్లగ్గును విప్పి చూడుడు. పొడిగా ఉన్న పెట్రోలు అందుట లేదు. తడిసి వాసన కొట్టిన హెచ్చుగా అందుచున్నది, లేదా నిప్పురవ్వ లేదు. ప్లగ్గు విప్పిన రంధ్రము దగ్గర నిప్పురవ్వ పరీక్ష చేయరాదు; అచట పెట్రోలు ఆవిరి ఉండును. సెల్ఫును ఒకేసారి ఐదు సెకండ్లకు మించి నొక్కరాదు. తడిసిన ఇంజనును అట్లే త్రిప్పుచు పోయినచో పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగివేయును. మండని పెట్రోలు సైలెన్సరులోని కెటలిటిక్ కన్వర్టరును పాడుచేయును. దాని ధర ట్యూనరు ధరకు తీసిపోదు.

ఇప్పుడు పెట్టెను విచారింపవచ్చును. రాత్రి దానిని విప్పి, కంపెనీ కనెక్టర్లను ఎప్పటివలె కలిపి, మరునాడు అదే వేళకు స్టార్టు చేయుడు. ఇట్లు రెండు మూడు ఉదయములు చూచిన గాని నమ్మరాదు. సైలెన్సరు, ఫిల్టరు మార్చిన బండిని ట్యూనరు లేకుండ దూరము తోలరాదు. పెట్రోలు చాలక ఇంజను మితిమీరి వేడెక్కవచ్చును. పెట్టె లేనప్పుడు బండి వెంటనే అందుకొన్నచో దోషము పెట్టెదో, దాని తీగలదో. చౌకబారు పెట్టెలలో కొన్నిటికి పట్టికయే ఉండదు. ఒక చిన్న రెసిస్టరు గాలి వేడిమి సెన్సారును మభ్యపెట్టి, గాలి చల్లగా ఉన్నదని కంప్యూటరును నమ్మించును. అది స్టార్టింగులోను అబద్ధమే చెప్పును గనుక ప్లగ్గు తడియును. అట్టి దానిని ఉంచుకొనుమని మేము చెప్పము. మంచి రకపు ట్యూనరైనచో, తయారీదారు ఇచ్చిన మూల పట్టికను మరల ఎక్కించి, స్టార్టింగు పెట్రోలునకు వేరు అమరిక ఉన్నదేమో చూచి, దానిని మాత్రమే కొద్ది కొద్దిగా మార్చుడు; ఒక ఉదయమునకు ఒక్క మార్పు చొప్పున, కాగితముపై వ్రాసికొనుచు. ఆ కాగితమును మెకానిక్కునకు చూపుడు.