ఇంటికెందరు అతిథులు? నీటికెందరు అతిథులు?

మా అనంతపురపు పీఠభూమిలో చుట్టము గడప త్రొక్కినచో మొదట చేతికందించునది చెంబెడు నీరు. కాళ్లు కడుగుకొనుట కొక చెంబు, దప్పిక తీర్చుకొనుట కొక చెంబు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ నేలలో ఆ రెండు చెంబుల విలువ అందరికిని తెలియును. ఇట్టిచోట ఇండ్లను దినముల లెక్కన యాత్రికులకు అద్దెకిచ్చు వ్యాపారము పెరిగినది. ఒక ఇంట ఎందరిని దించుకొనవచ్చును? ఈ ప్రశ్నను గూర్చి శ్రోతలతో నాలుగు మాటలు చెప్పదలచినాము.

చిత్రావతీ తీరమందలి పుట్టపర్తి ఒకప్పుడు చిన్నపల్లె. 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయము ప్రారంభమైన పిదప దేశదేశముల వారు అచ్చటికి రాసాగిరి. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా గతించిన తరువాతను ఆ రాక నిలువలేదు. 2022 ఏప్రిల్ 4న అనంతపురము జిల్లా రెండుగా విడివడగా, ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. లేపాక్షి వీరభద్రాలయమును, కదిరి నరసింహస్వామిని, తిమ్మమ్మ మఱ్ఱిమానును చూడవచ్చువారును తక్కువవారు కారు. మామూలు దినములలో గదులు ఖాళీగా నుండును; పండుగ వచ్చినచో వసారాలు సయితము అద్దెకు పోవును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పండుగకు ముందునాడు మేము ఈ ప్రాంతమున ఒక ఇంట బసచేసితిమి. రెండు గదులు, ఒక మరుగుదొడ్డి, మిద్దెమీద వేయి లీటర్ల తొట్టి. మేము నలుగురము. ప్రొద్దు గూకిన పిదప మరి ఏడుగురు వచ్చిరి. ఇంటి యజమాని, "ఒక్క రాత్రే కదా, సర్దుకోండి" అనెను. సర్దుకొంటిమి. తెల్లవారుజామున నాలుగు గంటలకే కొళాయి ఎండిపోయెను. ప్రక్క యింటి ముసలమ్మ రెండు బిందెల నీరు తెచ్చియిచ్చి, "రేపటికని పట్టి పెట్టుకుంటిమి నాయనా, చూసి వాడుకోండి" అనెను. మేము స్నానములు చేసి దర్శనమునకు పోతిమి. ఆమె మరునాడు ఏమి చేసెనో నాడు మాలో ఒక్కరమును అడుగలేదు.

ఈ లెక్క కష్టమైనది కాదు. పట్టణ గృహములకు తలకు రోజునకు 135 లీటర్ల నీరు కావలెనని ప్రమాణము. హోటళ్లకు పడక ఒక్కింటికి 180 లీటర్లు. పల్లెలకు జల జీవన్ మిషన్ పెట్టుకొన్న లక్ష్యము 55 లీటర్లు. వేయి లీటర్ల తొట్టి మొదటి లెక్కన ఏడుగురికి, రెండవ లెక్కన అయిదుగురికి, మూడవ లెక్కన పదునెనిమిది మందికి చాలును. మేము పదునొకండుగురము, పట్టణపు అలవాటుతో వాడుకొన్నచో 1485 లీటర్లు కావలెను. తక్కువైనది ప్రక్కయింటి బిందెలనుండి వచ్చినది. మంచములు ఎన్ని పట్టునో చూచి మనుష్యులను లెక్కించుట ఇతర ప్రాంతములకు చాలవచ్చును. ఈ పీఠభూమికి చాలదు.

యాత్రికుల సంఖ్యకు హద్దు విధించుట క్రొత్త సంగతి కాదు. పూరీ జగన్నాథమునకు వచ్చువారు ఇరుకైన బసలలో క్రిక్కిరిసి, కలరా వాతపడి మరణించుచుండగా, బెంగాలు ప్రభుత్వము 1871లో పూరీ బసయిండ్ల శాసనము చేసినది. ఇంటికి అనుమతి పత్రము ఉండవలెను. ఎందరిని ఉంచవచ్చునో ఆ సంఖ్య దానిలో వ్రాయబడవలెను. అంతకు నాలుగేండ్ల ముందు, 1867లో వెలువడిన సరాయిల చట్టము గదులను, కాలువలను, బావులను శుభ్రముగా నుంచవలసిన బాధ్యతను సరాయి నడుపువానిపై పెట్టినది. నాటివారు కూడ బసను, బావిని కలిపియే చూచిరి.

మన కాలమున కేంద్ర పర్యాటకశాఖవారి గృహ అతిథి పథకము కలదు. దాని ప్రకారము యజమాని ఆ యింటనే నివసింపవలెను. అతిథులకు ఒకటి మొదలు ఆరు గదులవరకే, పండ్రెండు పడకలకు మించకుండ ఇయ్యవలెను. యజమాని అచ్చటనే యుండిన తొట్టి ఎండుట అతనికే ముందు తెలియును గదా! జాతీయ భవన నిర్మాణ స్మృతి నివాసపు గదికి కనీసము 9.5 చదరపు మీటర్లు, అనగా సుమారు 102 చదరపు అడుగులు, ఉండవలెనన్నది. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుగల మంచములు నాలుగు వేసినచో 72 అడుగులు పోవును. మిగిలిన 30 అడుగులలోనే పెట్టెలు, చెప్పులు, చీకటిలో తలుపునొద్దకు దారి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక భవనపు క్రిందిభాగమున నిప్పంటుకొనగా, పొగ పై అంతస్తులలోని వసతిగృహమునకు ప్రాకి, ఎనిమిదిమంది మరణించిరి. బయటికి దారి ఎంత అవసరమో ఇంతకన్న వేరు చెప్పనక్కరలేదు.

ఇక రెండవ ప్రక్కను కూడ చూడవలెను. వేరుసెనగ ఎండిపోయిన ఏట వానతో పనిలేక వచ్చు ఆదాయము ఈ గది అద్దెయే. నలుగురు పంచుకొను అద్దెను ఇద్దరే మోయవలసివచ్చినచో పేద యాత్రికుడు చెట్టుక్రింద పడుకొనవలసి వచ్చును. ఈ బాధలు నిజమైనవి. కనుక హద్దు అందరికిని ఒకే అంకెగా నుండరాదని మా అభిప్రాయము. గది వైశాల్యము, మరుగుదొడ్ల సంఖ్య, తొట్టి పరిమాణము, ఈ మూడింటిలో ఏది తక్కువమందికి చాలునో అదియే ఆ యింటి హద్దు కావలెను. పెద్ద తొట్టి కట్టించుకొని, ఇంటిమీద పడిన వాననీటిని నిలువచేసుకొన్నవానికి నీటివలని హద్దు సడలవలెను. పేదల కొరకు పండుగ దినములలో పురపాలక సంఘములు, పంచాయతులు పాఠశాలలను, కల్యాణ మండపములను తక్కువ రుసుముతో తెరువవచ్చును. ఆ సంఖ్య ఇంటి తలుపుమీద తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసియుండవలెను. అప్పుడు, రాత్రివేళ వచ్చిన ఏడుగురిని చూచి, ముందుగా వచ్చిన నలుగురును మాటాడగలుగుదురు.

1990వ దశకమున సత్యసాయి త్రాగునీటి పథకము అనంతపురము జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు నీరు తెచ్చినది. అట్లు ఎంతో శ్రమపడి తెచ్చుకొన్న నీటిని లెక్కపెట్టుకొనుట పిసినారితనము కాదు. యాత్రకు బయలుదేరు శ్రోతలు గది అడుగునపుడు అద్దెతోపాటు, "తొట్టి ఎంత? ఎందరు దిగినారు?" అనికూడ అడుగుదురు గాక. మేము నాడు అడుగలేదు. ఆ రెండు బిందెల బాకీ నేటికిని మామీదనే యున్నది.