మీరెటు అని అడిగినప్పుడు



ఈ రోజు పట్టాలు అందుకుని ఇక మీదట మీరు ఎక్కడికి వెళ్ళినా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆఫీసు క్యాంటీన్లోనో, పెళ్ళిచూపుల్లోనో, అద్దెకు ఇల్లు చూడబోయినప్పుడో ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంతకీ మీరెటు?" దానికి సిద్ధంగా ఉన్న జవాబులు మనకు కొన్ని ఉన్నాయి. "మాది తాతల నాటి నుంచీ కాంగ్రెస్ కుటుంబం." "మాది కమ్యూనిస్టుల ఊరు." "నేను లెఫ్ట్." "నేను జాతీయవాదిని." "నాకసలు రాజకీయాలే పడవండీ." ఈ జవాబుల్లో మనిషి తాత ఎవరో, ఊరు ఏదో, స్నేహాలు ఎటువైపో తెలుస్తాయి. కౌలురైతుకు బ్యాంకు అప్పు ఎలా అందాలి, సర్కారు బడిలో పిల్లలు ఏ భాషలో చదవాలి, ఫ్యాక్టరీకి పొలం ఇచ్చినవాడికి ఏం దక్కాలి అన్న విషయాల్లో ఆయన ఏమనుకుంటున్నాడో మాత్రం తెలియదు. ఆ రెండోది తెలియకపోతే మొదటిది తెలిసి లాభం లేదని నా నమ్మకం. ఇవాళ మీతో ఆ ఒక్క మాటే మాట్లాడాలనుకుంటున్నాను.

1948 నవంబరులో రాజ్యాంగ సభలో కె.టి. షా అనే సభ్యుడు ఒక సవరణ తెచ్చారు. భారతదేశం లౌకిక, సమాఖ్య, సామ్యవాద రాజ్యమని రాజ్యాంగంలో రాయాలని ఆయన కోరారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సమాజాన్ని ఎలా నిర్మించుకోవాలో ఆయా కాలాల ప్రజలే తేల్చుకోవాలి, దాన్ని ముందే రాసిపెట్టి వాళ్ళ చేతులు కట్టెయ్యకూడదన్నారు. ఆయన వాదన అక్కడితో ఆగలేదు. షా కోరుతున్న సారం ఆదేశిక సూత్రాల్లో ఇప్పటికే ఉందని చూపించారు. అందరికీ జీవనోపాధి, సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడకుండా చూడటం, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమాన పనికి సమాన వేతనం. ఇవాళ 39వ అధికరణంలో మీరు చదివేది అదే. పేరు పెట్టుకోవడం కంటే పని ఏమిటో రాసుకోవడం ముఖ్యమని నేను నేర్చుకున్నది ఆ చర్చ నుంచే.

షా కోరిన 'సామ్యవాద' అన్న పేరు 1976లో 42వ సవరణతో పీఠికలోకి వచ్చింది. 1989 నుంచి, ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలనుకునే ప్రతి పార్టీ తన నిబంధనావళిలో సామ్యవాదానికి, లౌకికవాదానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటామని రాసివ్వాలి. మార్కెట్టే మేలనే పార్టీ అయినా, భూమి పంచాలనే పార్టీ అయినా రాసివ్వాల్సిన హామీ ఒకటే. అందుకని పార్టీ చెప్పుకునే పేరు చూసి అది బడ్జెట్‌లో ఎవరికి ఏమిస్తుందో ఊహించలేం. బడ్జెట్ చదవాల్సిందే.

మీరు పుట్టకముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సాక్షరతా ఉద్యమం మొదలైంది. కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని పలక పట్టారు. వాళ్ళ వాచకంలో, ఆడవాళ్ళంతా ఏకమై ఊరి సారా దుకాణాన్ని మూయించిన పాఠం ఒకటుంది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు. మగవాళ్ళ కూలిడబ్బులు సారా ప్యాకెట్లకు పోతుంటే ఇంట్లో పొయ్యి వెలగని బతుకు వాళ్ళది. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేరుస్తున్న కాలం. వాళ్ళు దుకాణానికి అడ్డం పడ్డారు. ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళకే సడలిపోయింది కూడా.

ఆ ఉద్యమం మాది అని గాంధేయవాదులు అన్నారు, వామపక్ష మహిళా సంఘాలు అన్నాయి, స్త్రీవాదులూ అన్నారు. అందరూ నిజంగానే పనిచేశారు, ఎవరినీ తక్కువ చెయ్యను. కానీ ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ, ఆమె వెంట నడిచినవాళ్ళు ఎటువైపు అని తేల్చుకున్నాక దుకాణం దగ్గరికి వెళ్ళలేదు. వాళ్ళకు విషయం తెలుసు, లెక్క తెలుసు, తమకేం కావాలో తెలుసు. తెలుగునాట ఒక సర్కారు ఆదాయాన్ని వదులుకునేలా చేసిన రాజకీయం అది. నేనెరిగిన వాటిలో అంత స్పష్టమైన రాజకీయం మరొకటి లేదు.

ఇక గోరాగారిని తలుచుకోండి. ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన మనిషి, గాంధీగారికి ఆప్తుడు. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. పెద్ద కూతురిని దళిత యువకుడికిచ్చి 1948లో సేవాగ్రామంలో పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి తానే జరిపిస్తానన్న గాంధీ అప్పటికి లేరు. గోరాను ఏ ఒక్క గడిలో పెట్టినా సగం మనిషి బయటే మిగిలిపోతాడు. మీలోనూ చాలామంది అంతే. దేవుణ్ణి నమ్ముతూనే గుడి ఆస్తులపై ప్రజల అజమాయిషీ కోరేవాళ్ళు, వ్యాపారం చేస్తూనే కనీస వేతనం పెంచాలనేవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు. పేరుకు సరిపోవడం కోసం ఆ సగాన్ని తెంచుకోవద్దు.

పేర్లన్నీ వ్యర్థమని నేననడం లేదు. 1985లో కారంచేడులో దళితులపై జరిగిన మారణకాండ తర్వాత దళిత మహాసభ పుట్టింది. ఆ రోజుల్లో "నేను దళితుణ్ణి" అని తలెత్తి చెప్పుకున్నవాళ్ళు ఆ మాటతో గౌరవాన్ని గెలుచుకున్నారు, దానికి మూల్యమూ చెల్లించారు. అణచినవాడు పెట్టిన పేరును కాదని తన పేరు తనే పెట్టుకోవడం వేరు, ఎవరో కప్పిన కండువా మోయడం వేరు. మొదటిదానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

"రాజకీయాలు పడవు" అనే పిల్లలతో కూడా ఒక మాట. అమ్మానాన్నలు మీకది భయంతో నేర్పారు. ఆ భయం ఉత్తిది కాదు, ఎంతోమంది పిల్లలు దెబ్బతినడం వాళ్ళు చూశారు. అయినా మీ ఫీజు రీయింబర్స్‌మెంటు, మీ ఉద్యోగ నోటిఫికేషను, మీ ఊరికొచ్చే బస్సు ఎవరో తీసుకున్న రాజకీయ నిర్ణయాలే.

ఇంటికి వెళ్ళాక ఒక పని చెయ్యండి. మీ ఊరికో, మీ వార్డుకో సంబంధించిన మూడు సమస్యలు ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదానిపై మీ అభిప్రాయం, దానికి కారణం, ఏం తెలిస్తే ఆ అభిప్రాయం మార్చుకుంటారో కూడా రాయండి. ఓటడగడానికి వచ్చినవాళ్ళ ముందు ఆ కాగితం పెట్టండి. "మీరెటు" అని అడిగినవాళ్ళకూ అదే చూపించండి.