ముక్తినాథ యాత్రకు వాహన నిర్ణయం

(నేపాల యాత్రకు బయలుదేరనున్న భక్తుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రానున్న కార్తిక మాసంలో నేపాల దేశ యాత్ర చేయబోతున్న మీకు ముక్తినాథ క్షేత్ర మాహాత్మ్యం వినిపించవలసిందని ధర్మకర్తలు నన్ను కోరారు. సంస్కృతం చదువుకుని, చదువు చెప్పుకుని బ్రతికినవాడిని కనుక మాహాత్మ్యం చెప్పడం నాకు కష్టమైన పని కాదు. అయితే పోఖరా వరకు ఎవరి ప్రయాణం వారే ఏర్పాటు చేసుకుని అక్కడ కలుసుకోవాలని మీరు నిర్ణయించుకున్నారట. నిన్న సాయంకాలం మీలో కొందరు మా ఇంటికి వచ్చి, "శాస్త్రిగారూ, రైలులో పోయి సరిహద్దు దాటమంటారా, విమానంలో పొమ్మంటారా?" అని అడిగారు. ఆరేడేళ్ళ క్రితం ఇదే ప్రశ్నను నా సహధర్మచారిణి నన్ను అడిగింది. అప్పుడు నేను తప్పు సమాధానం చెప్పాను. అందుచేత మాహాత్మ్యాన్ని సంక్షేపించి, ఈ ప్రశ్నకే నేటి ప్రసంగాన్ని వినియోగిస్తాను.

ముక్తినాథం శ్రీవైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటి. సాలగ్రామ క్షేత్రమని ప్రసిద్ధి. వాటిలో నూట ఐదు భారతదేశంలో ఉన్నవి. రెండు ఈ భూలోకంలో లేనివి. మిగిలిన ఒక్కటీ నేపాలంలో ఉన్న ఈ క్షేత్రమే. ఆలయం వెనుక 108 ధారలు గోముఖాల నుండి పడుతుంటాయి. దిగువన కాళీగండకి ప్రవహిస్తుంది. మన పూజా మందిరాలలోని సాలగ్రామ శిలలు ఆ నదిలో లభించినవే. బౌద్ధులకు కూడా అది పవిత్రస్థలం. మీరు గుర్తుంచుకోవలసిన మరొక సంగతి దాని ఎత్తు. అది సముద్రమట్టానికి 3,700 మీటర్లకు పైన ఉన్నది. మన తిరుమల కొండ వేయి మీటర్ల లోపే. అంటే తిరుమలకు దాదాపు నాలుగింతల ఎత్తు.

ఇక మార్గాల సంగతి. మన ప్రాంతం వారికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది, విజయవాడ నుండి గాని సికింద్రాబాదు నుండి గాని రైలులో గోరఖ్‌పూర్ చేరి, అక్కడి నుండి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని సోనౌలి వద్ద సరిహద్దు దాటడం. ఆవలి ఊరు భైరహవా. అక్కడి నుండి పోఖరాకు పాల్పా కొండల మీదుగా బస్సులు నడుస్తాయి. రెండవది, రైలులో రక్సౌల్ చేరి, బీర్‌గంజ్ మీదుగా కాఠ్‌మాండూ పోవడం. పశుపతినాథుని ముందుగా సేవించుకోదలచినవారు దీనిని ఎంచుకుంటారు. మూడవది, ఢిల్లీ నుండి విమానంలో కాఠ్‌మాండూ చేరడం. గాలిలో ఉండేది రెండు గంటల లోపే. జానకీమాత పుట్టినిల్లు చూడాలనుకునేవారికి ఇంకొక సౌకర్యం ఉన్నది. బీహారులోని జయనగర్ నుండి జనకపురానికి 2022 ఏప్రిల్ నుండి మళ్ళీ రైలు నడుస్తున్నది. అది ముక్తినాథానికి దారి కాదు. వేరుగా పెట్టుకోవలసిన యాత్ర.

ఇప్పుడు నా కథ చెబుతాను.

2019 జూన్ నెలలో నేను, మా ఇంటావిడ, మా బావమరిది దంపతులు బయలుదేరాము. ఆమెకు అప్పటికి అరవై నాలుగేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, రక్తపోటు ఉన్నవి. "ఏమండీ, ఢిల్లీ నుండి విమానంలో పోదాం. ఆ బస్సులలో నేను కూర్చోలేను" అన్నది. నేను ధర్మశాస్త్రం విప్పాను. వాహనమెక్కి చేసిన తీర్థయాత్రకు ఫలం తగ్గుతుందని నిబంధన గ్రంథాలలో ఉన్న చర్చను వివరించి, "కాలినడకన పోలేకపోయినా, కనీసం నేలమీదుగా పోదాం" అన్నాను. ఆమె ఒక్క మాట అన్నది: "మీకు శాస్త్రం తెలుసు. నాకు నా మోకాళ్ళు తెలుసు." అని ఊరుకున్నది.

ఇక్కడ నా దోషాన్ని దాచకుండా చెప్పాలి. అశక్తులకు, వృద్ధులకు, రోగులకు వాహనం వలన దోషం లేదని ఆ చర్చలోనే ఉన్నది. నాకు తెలియక కాదు. తెలిసిన దానిలో సగమే చెప్పాను. నేలమీదుగా హిమాలయం ఎక్కి వచ్చానని నలుగురిలో చెప్పుకోవాలన్న కోరికకు శాస్త్రాన్ని అడ్డం పెట్టుకున్నాను.

గోరఖ్‌పూర్‌కు ఒకటిన్నర రోజు రైలు. సోనౌలిలో కాలినడకన సరిహద్దు దాటాము. భైరహవా నుండి పోఖరా 180 కిలోమీటర్లే అయినా, మలుపుల దారి కనుక పగలంతా పట్టింది. ఆమె దారి పొడవునా కళ్ళు మూసుకుని కూర్చున్నది. పోఖరా చేరాక నాకు కొంచెం జ్ఞానోదయమైంది. అక్కడి నుండి జోమ్‌సోమ్‌కు చిన్న విమానంలో పోదామన్నాను. అది ఇరవై నిమిషాల ప్రయాణం. ధవళగిరి, అన్నపూర్ణ శిఖరాల నడుమ కాళీగండకి లోయలోనుండి పోవాలి. మధ్యాహ్నానికి ఆ లోయలో బలమైన గాలులు లేస్తాయి కనుక ఉదయం పూట మాత్రమే నడుపుతారు. మబ్బు కమ్మితే అదీ లేదు. మేము వెళ్ళినది వర్షాలు మొదలయ్యే వేళ. రెండు ఉదయాలు విమానాశ్రయంలో కూర్చున్నాము. రెండు రోజులూ విమానం కదలలేదు.

గోరఖ్‌పూర్ నుండి తిరుగు రైలుకు టిక్కెట్లు ముందే తీసుకున్నాను. ఒక్క రోజైనా వెసులుబాటు ఉంచలేదు. దానితో మూడవ నాడు తెల్లవారుజామున జీపు మాట్లాడి, బేని, తాతోపాని మీదుగా, జోమ్‌సోమ్‌లో ఆగకుండా, చీకటి పడేవేళకు ఆలయం క్రింద ఉన్న రాణీపౌవా గ్రామానికి చేరాము. పోఖరా ఎత్తు 800 మీటర్ల పైచిలుకు. ఒక్క పగటిలో దాదాపు మూడు వేల మీటర్లు ఎక్కామన్నమాట.

ఆ రాత్రి ఆమెకు తలనొప్పి, వాంతులు, ఆయాసం. తెల్లవార్లూ నిద్ర లేదు. బస యజమానురాలు, ఆ ప్రాంతపు వృద్ధురాలు, దీపం తెచ్చి ఆమె ముఖం చూసి, వచ్చీరాని హిందీలో, "వెలుతురు రాగానే క్రిందికి తీసుకుపొండి. దేవుడు ఇక్కడే ఉంటాడు" అన్నది. ఆలయం అక్కడికి అరగంట నడక. మా ఆవిడ, "మీరు దర్శనం చేసుకుని రండి, అంతవరకు నేను పడుకుంటాను" అన్నది. జీవితమంతా ఎదురుచూసిన గోపురం ఆ గుట్ట మీద ఉన్నది. నేను ఒక క్షణం తటపటాయించాననే చెప్పాలి. ఆ క్షణాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గు కలుగుతుంది.

బావమరిది దంపతులను ఆలయానికి పంపి, నేను ఆమెను జీపులో క్రిందికి తీసుకుపోయాను. 2,700 మీటర్ల ఎత్తున ఉన్న జోమ్‌సోమ్ చేరేసరికి వాంతులు తగ్గాయి. ఇంకా దిగి తాతోపాని చేరేసరికి లేచి కూర్చుని కాఫీ అడిగింది. ఆ కాఫీ అడగడం విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. సాయంకాలం బావమరిది నూట ఎనిమిది ధారల నీటిని చిన్న సీసాలో తెచ్చి, "బావగారూ, అక్కయ్యకూ మీకూ" అని ఇచ్చాడు. ఇద్దరం శిరస్సున చల్లుకున్నాము. మూలమూర్తి దర్శనం మాత్రం నాకు నేటికీ కాలేదు.

భక్తులారా, విమానంలో పోయి ఉంటే ఈ కష్టం తప్పేదని మీరు తీర్మానించుకోవచ్చు. అది సగం నిజమే. ఢిల్లీ నుండి కాఠ్‌మాండూకు విమానంలో వచ్చి ఉంటే ఆమె మోకాళ్ళకు, నడుముకు రైలు, బస్సుల శ్రమ తప్పేది. కాఠ్‌మాండూ సుమారు 1,400 మీటర్లే కనుక అక్కడ ఎత్తు బాధ ఉండదు. కాని పైకి ఎక్కేటప్పుడు లెక్క మారుతుంది. పోఖరా నుండి విమానంలో ఇరవై నిమిషాలలో జోమ్‌సోమ్ చేరి, అదే ఉదయం జీపులో ముక్తినాథం ఎక్కితే శరీరానికి నాకంటే తక్కువ వ్యవధి ఇచ్చినట్లే. హెలికాప్టరులో నేరుగా దిగేవారికి అదీ లేదు. అట్టివారు దర్శనం చేసుకుని వెంటనే దిగిపోవాలే గాని పైన రాత్రి ఉండకూడదు. రోడ్డు అలసటను ఇస్తుంది. విమానం వ్యవధిని హరిస్తుంది. ఏ వాహనమైనా సరే, జోమ్‌సోమ్‌లో గాని, దాని దగ్గరి మార్ఫా గ్రామంలో గాని ఒక రాత్రి విశ్రమించి, మరునాడు పైకి పొండి. తలనొప్పి, వికారం మొదలైతే మొహమాటపడక చెప్పండి. దానికి మొదటి ఔషధం క్రిందికి దిగడమే. గుండె, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు బయలుదేరకముందే వైద్యునితో ఈ ఎత్తు సంగతి చెప్పి సలహా తీసుకోండి.

కనుక నా సమాధానం ఇది. వాహనాన్ని జట్టులో బలవంతుని ఉత్సాహాన్ని బట్టి గాని, పండితుని వాదాన్ని బట్టి గాని నిర్ణయించవద్దు. అందరిలో బలహీనమైన శరీరం ఎవరిదో, వారిని మొదట అడగండి. వారు ఏది భరించగలమంటే అదే మీ వాహనం. టిక్కెట్టు కొనేముందు రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. మబ్బు, గాలి, విరిగిపడే కొండచరియలు మన తిరుగు రైలు కోసం ఆగవు. 2024 జూలైలో నారాయణ్‌గఢ్–ముగ్లింగ్ రహదారిపై కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. అందుచేత వర్షకాలంలో ఆ కొండదారులకు పోవద్దు. రాత్రి బస్సులు ఏ కాలంలోనూ వద్దు. మీరు ఎంచుకున్న కార్తికం అన్ని విధాలా అనుకూలం.

మరికొన్ని చిన్న సంగతులు. మనకు నేపాలానికి వీసా అవసరం లేదు. కాని పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని అసలు ప్రతినే దగ్గర ఉంచుకోండి. ఇక్కడి నుండి బస్సు మాట్లాడుకుని పోయేవారు, అక్కడ భన్సార్ అని పిలిచే సుంకం కార్యాలయంలో రోజుల లెక్కన రుసుము కట్టి అనుమతి పత్రం తీసుకోవాలి. మన నూరు రూపాయలకు వారి నూట అరవై. మేము వెళ్ళినప్పుడు వందకు మించిన మన నోట్లు అక్కడ చెల్లలేదు. నిబంధనలు మారుతుంటాయి కనుక బ్యాంకులో విచారించి, వంద నోట్లు ఎక్కువగా తీసుకుపొండి. వారి గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందు. ఉదయపు విమానానికి ఆ పదిహేను నిమిషాలు చాలా ముఖ్యం. మీ ఆరోగ్య బీమా సరిహద్దు దాటాక చెల్లుతుందా అని కూడా అడిగి తెలుసుకోండి.

ఈ ప్రసంగానికి వచ్చేముందు మా ఆవిడ, "మీరు కూడా వీరితో వెళ్ళిరండి, నాకేమీ కష్టం లేదు" అన్నది. ఒంటరిగా వెళ్ళదలచుకోలేదని చెప్పాను. మీలో ఎవరైనా ఒక చిన్న సీసాతో ఆ ధారల నీరు తెచ్చి ఇస్తే ఇద్దరం శిరస్సున ధరిస్తాము. మీ యాత్ర నిర్విఘ్నంగా సాగి, వెళ్ళిన వారందరూ ఆరోగ్యంగా ఇల్లు చేరాలని ముక్తినారాయణుని ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.