సిపాయి బొమ్మకు తలపాగా



లాలాపేటలో నివసించుచు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న ఒక యువకుడు వేలెడంత సీసపు బొమ్మను నాకు చూపి, "అయ్యా, ఇతడు 1806 నాటి సికింద్రాబాదు సిపాయి. రంగులు సరిపోయినవా?" అని అడిగెను. ఎర్రకోటు ముచ్చటగా ఉన్నది. కాని కాళ్లకు పొడవైన లాగు, తలపై గుండ్రని టోపీ! అవి తరువాతి కాలమునకు చెందినవి. "నాయనా, చేయి చక్కగా కుదిరినది, సంవత్సరమే కుదరలేదు" అంటిని.

తలపాగా ఒకటి మారినంతలో ఏమగునని తోచవచ్చును. ఆ సంవత్సరముననే ఏమైనదో వినుడు. సర్ జాన్ క్రాడక్ మదరాసు సైన్యాధిపతిగా ఉన్న దినములలో సిపాయిలకు టోపీని పోలిన క్రొత్త తలపాగా విధింపబడినది. దానికి తోలుబిళ్ల కలదు. నొసట బొట్టు, చెవులకు పోగులు కూడదనిరి, గడ్డములు గొరిగించుకొమ్మనిరి. తమ మతమునకే ముప్పు వచ్చినదని హిందువులును ముసల్మానులును ఒక్కటిగా కలతజెందిరి. 1806 జూలై 10వ తేదీన వేలూరు కోటలో తిరుగుబాటు చెలరేగి, ఉభయపక్షములందును వందలమంది ప్రాణములు కోల్పోయిరి. లాలాపేటకు చేరువనున్న సికింద్రాబాదు దండులోను ఆ కలవరమే పుట్టినది. అచటి సేనాని మాంట్రెసర్, మదరాసునుండి ఆజ్ఞ వచ్చువరకు ఆగక, తానే బాధ్యత వహించి ఆ ఉత్తర్వులను ఉపసంహరించెను. దండు శాంతించెను. కావున మన యువకుని బొమ్మకు తలపాగా అలంకారము మాత్రమే కాదు, అదియే కథ.

మరి ఆధారములెట్లు వెదకవలెను? మొదట ఉడుపుల ఉత్తర్వులను చదువవలెను. కాని ఉత్తర్వు వ్రాసినంతనే సిపాయి ధరించినాడని నమ్మరాదు. సికింద్రాబాదే అందుకు సాక్షి. కనుక ఆ కాలపు చిత్రములతో సరిపోల్చవలెను. తంజావూరు చిత్రకారులు కంపెనీ దొరలకొరకు సిపాయిని, అతని భార్యను ప్రక్కప్రక్కన నిలిపి చిత్రించిరి. వానిలో ఎర్రకోటు, నీలి తలపాగా, తొడలవరకే ఉండు తెల్లని పొట్టిలాగు, చెప్పులు కానవచ్చును. మెడపట్టీ, ముంజేతి పట్టీల రంగును బట్టి పటాలమును గుర్తింపవలెను.

చిత్రముయొక్క తేదీని మరువరాదు. లవెట్ చిత్రములతో 1911లో వెలువడిన భారతసైన్యముల గ్రంథము చూడముచ్చటైనది. దక్కను అశ్వికుల ముదురు ఆకుపచ్చ కోటునకు అట్టి గ్రంథములు తోడ్పడును; కాని అవి 1806 నాటి కాల్బలమునకు సాక్ష్యము కాజాలవు. పాత చిత్రములలో రంగులు వెలిసియుండుటయు కలదు. పైగా చిన్న బొమ్మపై ముదురు రంగు మరింత ముదురుగా తోచును. రవంత తెలుపు కలిపిన మేలు.

ఉత్తరదేశమున కంపెనీ సిపాయిని 'తిలంగా' అని పిలిచెడివారు. మన తెలుగుసీమనుండి వెళ్లినవారి వలననే ఆ పేరు వచ్చినది. వారి పేర్లు అనేకము చరిత్రకు ఎక్కలేదు. వారి ఉడుపునైనను ఉన్నదున్నట్లు నిలుపుట మన ధర్మము. అందుచేత, బొమ్మలకు రంగులు వేయు చిన్నలారా, రంగుగిన్నె మూత తీయుటకు ముందు సంవత్సరమును, పటాలము పేరును కాగితముపై వ్రాసికొనుడు. మన లాలాపేట యువకుడు ఆ టోపీని గీకివేసి, తలపాగా చుట్టుటకు పూనుకొనినాడు.